మూడో వన్స్‌మోర్

రోషన్ బీ పెట్టె మీద నుంచి లేవలేదు.

అది ఆమె భర్త పీర్‌సాహెబ్ పద్యనాటకాలాడుతూ ఇరవై రెండేళ్ళుగా ఊరూరా మోసుకు తిరిగిన వేషాల పెట్టె. కిరీటాలు, భుజకీర్తులు, జరీ పైపంచెలు, పూసల దండలు, రంగు డబ్బాలు అన్నీ అందులోనే ఉంటాయి. పొద్దున్నే ఆయన దాన్ని వసారాలోకి లాగి, తాళంచెవి దానిమీదే పెట్టి, "వెంకటప్పయ్య వస్తే ఇచ్చెయ్యి రోషన్" అన్నాడు. అని పెరట్లోకి వెళ్ళి దూది ఏకడానికి కూర్చున్నాడు.

వెంకటప్పయ్య వచ్చాడు. ఎ.కొండూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి, బస్టాండు దగ్గర రిక్షా కూడా మాట్లాడుకున్నాడు. ఆ సరికే రోషన్ బీ పెట్టె మీద కూర్చుని ఉంది.

"లే చెల్లెమ్మా," అన్నాడతను. "నేను మాత్రం సంతోషంగా వచ్చాననుకున్నావా?"

"అయితే ఆ రిక్షాని పంపించెయ్యన్నా."

"సాహెబు కబురు పెట్టాడు మరి."

"కబురు పెడితే వచ్చేస్తావా? ఆయన మొదటి వేషం నుంచీ పక్కన కూర్చుని హార్మోనియం వాయిస్తున్నావు. ఇదేం పని సాహెబూ అని ఒక్కసారన్నా అడిగావా?"

వెంకటప్పయ్య గుమ్మం పక్కన చతికిలబడి మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నా ఆ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఉన్నట్టే కదులుతుంటాయి. సెంటు భూమి లేని మనిషి. ఆ హార్మోనియమే అతని పొలం.

"పెట్టె నా దగ్గరుంటే వేషం కట్టేవాళ్ళు బాడుగకి వస్తారంట. నూజివీడులో రాజు వేషం కట్టే జగన్నాథరావు గారికి కూడా చెప్పాడంట, నన్ను పెట్టుకోమని," అన్నాడు. "అన్నీ ఆలోచించే చేశాడు. నేను ఇంకొకరి గొంతుకి వాయించగలనా లేదా అన్నదొక్కటే ఆలోచించలేదు."

పెరట్లోంచి దూది ఏకే విల్లు చప్పుడు వినిపిస్తోంది. టింగుమని ఒకసారి, ఆగి మళ్ళీ ఒకసారి. రోషన్ బీకి ఆ చప్పుడు గుండెలో తగులుతున్నట్టుంది. పదేళ్ళుగా ఆ విల్లు అటక మీదే ఉంది. దానికి దుమ్ము దులిపే రోజు మళ్ళీ వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"నువ్విక్కడే కూర్చో అన్నా. ఎవరూ ఈ పెట్టె ముట్టుకోకూడదు," అని లేచి పెరట్లోకి నడిచింది.

* * *

పీర్‌సాహెబ్ తల నిండా, కనుబొమల నిండా దూది. ఆమెను చూసి విల్లు పక్కన పెట్టాడు.

"ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా మీకు?"

"చెప్పు."

"రెడ్డిగూడెంలో పద్యం మధ్యలో ఆపి స్టేజీ దిగిపోయాడంట, పీర్‌సాహెబ్ గొంతు పోయిందంట అని. బస్టాండులో అదే మాట, కూరగాయల దగ్గర అదే మాట. నన్ను చూసి నోళ్ళు మూసుకుంటున్నారు."

"అననీ."

"పోయిందా?"

"లేదు."

"అయితే వాకిట్లో నిలబడి ఒక్క పద్యం పాడండి. ఒక్కటే. మళ్ళీ నేనేమీ అడగను."

ఆయన పాడలేదు. నవ్వలేదు కూడా. ఒళ్ళో పడ్డ దూది పింజలు ఏరి కుప్పలో వేశాడు. రోషన్ బీకి ఆ నెమ్మది చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఆయన అరిచి ఉంటే తనూ అరిచేది.

"ఇరవై రోజులైంది మీరు రెడ్డిగూడెం నుంచి వచ్చి. ఎందుకు దిగిపోయారో కట్టుకున్నదానికన్నా చెప్పొద్దా?"

పీర్‌సాహెబ్ విల్లు తీగకి చిక్కిన దూది తీసేశాడు.

"ఆ పద్యం నీకు తెలుసుగా," అన్నాడు చివరికి. "రాజు రాజ్యం పోగొట్టుకుంటాడు. భార్యాబిడ్డల్ని పోగొట్టుకుంటాడు. ఆఖరికి చేతులు జోడించి, నాకు నువ్వొక్కడివే చాలు స్వామీ, ఇంకేమీ అక్కర్లేదు అంటాడు."

"తెలియకేం? వన్స్‌మోర్ పడేదే దానికి."

"ఆవేళా పడింది. పాడాను. మళ్ళీ పడింది. మళ్ళీ పాడాను. మూడోసారి కూడా అరిచారు. చేతులు జోడించి, పైకి చూసి, నువ్వొక్కడివే చాలు అన్నాను. అప్పుడు నా చూపు ఎక్కడుందో తెలుసా రోషన్? మొదటి వరసలో కుర్చీలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. అంతవరకూ చప్పట్లు కొట్టలేదాయన. ఈసారైనా కొడుతున్నాడా లేదా అని ఓరకంట చూస్తున్నాను."

"ఆటగాళ్ళందరూ చూస్తారు."

"చూస్తారు. నేనూ అన్నేళ్ళు చూశాను. ఆ రోజే ఎందుకు తగిలిందో నాకూ తెలియదు. దేవుడితో నువ్వు చాలని చెబుతూ కుర్చీలో మనిషిని దేబిరించాను. అదీ మూడుసార్లు. నోరు పెగల్లేదు ఇంక. దణ్ణం పెట్టి దిగిపోయాను."

రోషన్ బీ నూతి గట్టు మీద కూర్చుంది.

"వేషం వెయ్యడం తప్పని మసీదులో ఎవరన్నా చెప్పారా?"

"నేను మానేశాక ఒకరిద్దరన్నారు, మంచి పని చేశావని. నాటకం తప్పని నేను మానలేదండీ అన్నాను. వాళ్ళకి నచ్చలేదు. నాటకం నాకు అన్నం పెట్టింది, పేరు పెట్టింది. తప్పు నాటకంలో లేదు. నా ఆకలిలో ఉంది."

"ఆకలా?"

"రెండు వన్స్‌మోర్లు పడితే మూడోది ఎందుకు పడలేదని, మూడు పడితే నాలుగోది ఏదని ఇంటికొచ్చి నీ ప్రాణం తిన్నాను గుర్తుందా? ఒక్క రోజన్నా కడుపు నిండి పడుకున్నానా? ఇప్పుడు రోజూ మసీదులో నమాజుకి పిలుస్తూ అజాన్ ఇస్తున్నాను. వచ్చేది నలుగురు. బాగుందని ఒక్కడూ అనడు. అనాలని నాకూ ఉండటంలేదు. యాభై ఏళ్ళకి…" మిగతా మాట లోపలే ఉంచేసుకున్నాడు.

"మీకు చాలు," అంది రోషన్ బీ. "నాకు చాలదు."

ఆమె పదిహేడేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చింది. అప్పట్లో ఆమెను పరుపులు కుట్టేవాళ్ళ కోడలా అని పిలిచేవాళ్ళు. రేషన్ కొట్టు దగ్గర చివర నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు బజారుకి వెళితే, పీర్‌సాహెబ్ గారి భార్యమ్మా, దారివ్వండి అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్ని జాములు ఒంటరిగా కూర్చుందో, ఎన్ని పండగలకి మొగుడు లేకుండా ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని గడిపిందో ఆమెకే తెలుసు. శనివారం విస్సన్నపేటలో ఆయనకి స్వర్ణకంకణం తొడుగుతారు. పక్కన ఆమెకీ కుర్చీ వేస్తారు. ఆ సంగతి తిరువూరులో ఆమె చెప్పని గడప లేదు.

"శనివారం ఒక్కటీ ఆడండి," అంది. ఈసారి గొంతులో కోపం లేదు. "ఆ ఒక్కటీ నాకోసం. తరవాత మీ ఇష్టం."

పీర్‌సాహెబ్ నోరు తెరిచేలోపే వీధిలో జీపు ఆగిన చప్పుడైంది.

* * *

సీతారామారావు విస్సన్నపేట భూస్వామి. మామిడి తోటలున్నాయి. అంతకంటే నాటకాల పిచ్చి ఎక్కువుంది. పీర్‌సాహెబ్‌కి మొదటి రాజు వేషం ఇప్పించింది ఆయనే. శనివారం సభ చేస్తున్నదీ ఆయనే.

వసారాలోకి వస్తూనే పెట్టెనూ, వాకిట్లో రిక్షానూ, గుమ్మం పక్క వెంకటప్పయ్యనూ చూసి సంగతి గ్రహించాడు.

"ఏవయ్యా పీర్‌సాహెబూ, నా పరువు తీస్తావా ఏంటి? పందిరి వేయించాను. చుట్టుపక్కల పది ఊళ్ళు కదిలొస్తున్నాయి."

"కూర్చోండి రావుగారూ," అన్నాడు పీర్‌సాహెబ్, కుర్చీ మీద పడిన దూది తుడుస్తూ.

రావుగారు కూర్చోలేదు. జేబులోంచి ఎర్రటి ముఖమల్ డబ్బా తీసి రోషన్ బీ చేతిలో పెట్టాడు. "చూడమ్మా. నిన్ననే బెజవాడ నుంచి వచ్చింది."

ఆమె మూత తీసింది. కంకణం. వేలితో తాకింది. చల్లగా, బరువుగా ఉంది. దాని మీద చెక్కిన లతలో ఒక్కో ఆకూ విడివిడిగా కనిపిస్తోంది. ఆమె భర్త వంక చూసింది. ఆయన కంకణం వంక చూడటం లేదు.

"గొంతు బాగాలేదా? అయితే చెప్పు. పెద్ద డాక్టరుకి చూపిస్తాను," అన్నాడు రావుగారు.

"బాగానే ఉందండీ."

"మరేంటయ్యా?"

"ఆ పద్యం పాడితే అబద్ధం చెప్పినట్టుంటుందండీ."

రావుగారు పెద్దగా నవ్వాడు. "నాటకమంటేనే అబద్ధం కదయ్యా! మీసాలు అబద్ధం, కిరీటం అబద్ధం. నువ్వు నిజంగా రాజువని నేనెప్పుడన్నా అనుకున్నానా?"

వెంకటప్పయ్య కూడా నవ్వాడు. పీర్‌సాహెబ్ కూడా నవ్వాడు. ఒక్క నిమిషం అది పాత వసారాలానే ఉంది.

"మీ పంక్తిలో అన్నం తిన్నవాణ్ణి," అన్నాడు పీర్‌సాహెబ్ నవ్వు తగ్గాక. "మీ మాట కాదనడం నాకు తేలిక కాదు. కానీ రాలేను."

రావుగారు కాసేపు మీసం నిమురుకున్నాడు. తరవాత కొంచెం దగ్గరికి జరిగి, "పోనీ ఒక మాట చెబుతా విను. మీ మసీదుకి మైకుసెట్టు నేను కొనిపెడతా. గోపురం మీద గొట్టం పెట్టిద్దాం. ఇప్పుడు నలుగురు వింటున్నారు, అప్పుడు తిరువూరంతా వింటుంది నీ గొంతు. కట్టలేరు వాగు అవతలిదాకా వినపడుతుంది. దేవుడి పనేగా ఇది కూడా? దానికి బదులు శనివారం ఒక్క ఆట," అన్నాడు.

పీర్‌సాహెబ్ కళ్ళు మెరిశాయి.

రోషన్ బీ చూసింది. దగ్గరి ఊళ్ళ ఆటలకి వెళ్ళినప్పుడల్లా తెరవెనక నిలబడి చూసిన మెరుపే అది. హమ్మయ్య అనుకుంది.

ఆయన మాత్రం తల దించుకున్నాడు. దించుకుని, "చూశారా రావుగారూ," అన్నాడు మెల్లగా. "ఇంకా చావలేదది. మీరు ఊరంతా అనేసరికి ఎలా లేచి కూర్చుందో చూశారా?"

రావుగారు వెంకటప్పయ్య వంక చూశాడు.

"నమాజు వేళైంది. భోంచేసి వెళ్ళండి," అని, కాళ్ళు కడుక్కుని, టోపీ పెట్టుకుని పీర్‌సాహెబ్ వీధిలోకి వెళ్ళిపోయాడు.

రావుగారు డబ్బా తీసుకోవడానికి చెయ్యి చాచాడు. "బాగుంది. సాయంత్రానికి ప్రచారం రిక్షా బయల్దేరాలి. ఈయన రాకపోతే జగన్నాథరావుకి కబురు పెడతాను. ఈ కంకణం ఆయనకే తొడుగుతాను. నన్ను తప్పుపట్టకండి."

రోషన్ బీ వేళ్ళు డబ్బా చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆయన వస్తారండీ," అంది.

వెంకటప్పయ్య తలెత్తి చూశాడు.

"నువ్వు చెబితే సరేనా అమ్మా?"

"నేను తీసుకొస్తానుగా. ఆయన పేరే వేయించండి. పూచీ నాది."

రావుగారు ఆమెని ఒకసారి పరకాయించి చూసి, డబ్బా అందుకుని, "అయితే నీ మాట మీద రిక్షా పంపిస్తున్నా," అని జీపెక్కాడు.

వెంకటప్పయ్య పెట్టెని లోపలికి నెట్టాడు. బాడుగ రిక్షాని పంపించేశాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వెంట తెచ్చుకున్న హార్మోనియం ముందేసుకుని, చాలా రోజుల తరవాత ఇల్లంతా నిండేలా శ్రుతి పట్టాడు.

రోషన్ బీ మాత్రం ముద్ద మింగలేకపోయింది.

* * *

సాయంత్రం అసర్ నమాజు వేళకి ఆమె చెంగు తలమీదుగా కప్పుకుని బయల్దేరింది. మధ్యాహ్నం నమాజు నుంచి పీర్‌సాహెబ్ ఇంటికి రాలేదు. మసీదు వెనక సందులో నిలబడి, ఆయన బయటికి రాగానే అడిగెయ్యాలనుకుంది. మాటిచ్చేశాను, ఇంక నా తల మీ చేతిలో ఉంది అని. ఏడవాల్సొస్తే ఏడుద్దామనుకుంది. ఏ మాట తరవాత ఏ మాట అనాలో దారి పొడుగునా కూడబలుక్కుంది.

సందులో ఎవరూ లేరు. మసీదు గోడ ఆమె భుజమంత ఎత్తు. అవతల పంపు దగ్గర పీర్‌సాహెబ్ చేతులు కడుక్కుంటున్నాడు. తరవాత మెట్టెక్కి, చెవుల దగ్గర చేతులు పెట్టుకుని అజాన్ మొదలుపెట్టాడు.

రోషన్ బీ పుట్టినప్పటి నుంచీ వింటున్న పిలుపే. వినకూడదనుకున్నా విన్నది.

ఆ గొంతులో ఏ మలుపు ఎక్కడొస్తుందో ఆమెకి తెలుసు. పద్యపాదం చివర ఆయన గొంతుని పైకి తీసుకెళ్ళి, అక్కడ తిప్పి, జనం ఊపిరి బిగబట్టేదాకా నిలబెడతాడు. చప్పట్లు పడేది అక్కడే. ఇప్పుడు కూడా అలాంటి చోటొచ్చింది. ఆమె తెలియకుండానే ఊపిరి బిగబట్టింది.

ఆయన తిప్పలేదు. గొంతుని తిన్నగా వెళ్ళనిచ్చి, తిన్నగా దించాడు.

పిలుపు ముగిసింది. ఎక్కడా చప్పట్లు లేవు. రోడ్డు మీద ఎడ్లబండి ఒకటి కిర్రుమంటూ పోయింది. టీ కొట్టు మనిషి భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ లోపలికొచ్చాడు. ఒక ముసలాయన, ఒక రిక్షా తొక్కే అతను, ఇంకెవరో ఒకరు. పీర్‌సాహెబ్ వాళ్ళతోపాటు వరసలో చివర నిలబడ్డాడు. ఎవరూ ఆయన వంక తిరిగి చూడలేదు.

గోడ మీదుగా ఆ వీపునే చూస్తూ నిలబడింది రోషన్ బీ. నాటకం నుంచి వచ్చిన మర్నాడు ఆ భుజాలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. ఎవరో తరుముతున్నట్టు బిగుసుకుని ఉంటాయి. ఎంతమంది వచ్చుంటారంటావ్? వెనకవాళ్ళకి వినపడిందంటావా? పేపర్లో వేస్తారంటావా? వారం రోజులు అదే గొడవ. వారం తిరిగాక ఇంకో ఊరు, మళ్ళీ అదే గొడవ.

ఈ భుజాలు కడుపు నిండా తిని చెయ్యి కడుక్కున్న మనిషి భుజాల్లా ఉన్నాయి.

ఆమె కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆయన బయటికొచ్చే దాకా ఆగకుండా వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది.

వచ్చి, వుజూకి చేతులూ కాళ్ళూ కడుక్కుని, మూల గదిలో చాప పరుచుకుంది. రోజూ చేసే నమాజే. రోజూ చివర చేతులెత్తి అడిగేవి చాలా ఉండేవి. పెద్దపిల్లకి మంచి సంబంధం, అది కుదిరాక చిన్నపిల్లకి, ఇంటికి పెంకులు, ఆయనకి బంగారు పతకం, ఈ నాలుగు నెలలుగా ఆ కంకణం. అన్నీ దాదాపు దొరికాయి. దొరికిన ప్రతిదీ నాలుగు రోజులు వెలిగి, ఇంకోదాని ఊసెత్తి మూల కూర్చునేది.

ఈ రోజు చేతులెత్తింది. ఏమీ అడగాలనిపించలేదు.

మొదట భయం వేసింది. ఏమీ కావాలని లేకపోవడం ఏంటి, నాకేమన్నా అయిందా అనుకుంది. తరవాత భయం తగ్గింది. చిన్నప్పుడు అమ్మ జొన్నలు చెరుగుతుంటే పక్కన ఊరికే కూర్చునేది. అమ్మా ఏమీ మాట్లాడేది కాదు, తనూ ఏమీ అడిగేది కాదు. లేవాలనిపించేది కాదు. ఇప్పుడూ అలాగే ఉంది. నువ్వున్నావు కదా, చాలు అని మనసులో అనుకుంది. అనుకున్నాక తెలిసింది, అది రాజు పద్యంలో మాటే. అన్నేళ్ళు తెరవెనక నుంచి విన్నది, ఒక్కసారీ వినలేదు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. లేచి వసారాలోకొచ్చి, "అన్నా, పెట్టె తీసుకెళ్ళు," అంది.

వెంకటప్పయ్య చేతివేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి. "అదేంటి చెల్లెమ్మా? మధ్యాహ్నమే కదా…"

అప్పుడే బజారు వైపు నుంచి మైకు వినిపించింది.

* * *

"రండి! చూడండి! ఈ శనివారం విస్సన్నపేటలో, మన తిరువూరు ముద్దుబిడ్డ, పద్య గాన గంధర్వుడు, పీర్‌సాహెబ్ గారి మహారాజు వేషం! వేదిక మీదే స్వర్ణకంకణ ధారణ!"

రోషన్ బీ పరుగులాంటి నడకతో బజార్లోకి వచ్చింది. వెనకాలే వెంకటప్పయ్య. కిళ్ళీ కొట్టు ముందు ప్రచారం రిక్షా ఆగి ఉంది. పైన గొట్టం, లోపల మైకు పట్టుకున్న మనిషి. చుట్టూ జనం చేరుతున్నారు.

"కాస్త ఆపు నాయనా," అంది ఆమె.

"ఎవరమ్మా మీరు?"

పీర్‌సాహెబ్ గారి భార్యని అని చెప్పబోయింది. ఆ మాట నాలిక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. "రావుగారికి మాటిచ్చినదాన్ని," అంది. "తప్పు మాట ఇచ్చాను. ఆయన ఆడటం లేదు."

"నాతో చెబితే ఎట్లాగమ్మా? ఆపమంటే రావుగారు నా మీద పడతారు. చెప్పేదేదో మీరే చెప్పండి, నలుగురూ వింటారు," అంటూ అతను మైకు ఆమె చేతిలో పెట్టాడు. కొంత విసుగు, కొంత వేళాకోళం.

ఆమె ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తి మాట్లాడలేదు. మైకులో తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. కిళ్ళీ కొట్టు, బట్టల కొట్టు, సోడా బండి, అన్నీ ఆమె వైపే చూస్తున్నాయి. ఆ చూపులు ఒంటిమీద పడుతుంటే భయంతోపాటు చిన్న తీపి కూడా కలిగింది. ఆయన్ని అన్నేళ్ళు పట్టుకున్నది ఇదా అనుకుంది.

"శనివారం పీర్‌సాహెబ్ గారు నాటకం ఆడరు," అంది. "ఆయన ఒప్పుకోలేదు. ఆయన్ని అడక్కుండా నేను మాటిచ్చాను. రావుగారి తప్పు లేదు, మా ఆయన తప్పు లేదు. తప్పు నాది."

"గొంతు పోయిందంట కదమ్మా?" అని ఎవరో అరిచారు.

అవునంటే సరిపోయేది. అయ్యో పాపం అని ఊరంతా జాలిపడేది. రావుగారికీ పరువు దక్కేది. అవునన్న మాట నోటిదాకా వచ్చింది కూడా.

"పోలేదు," అంది రోషన్ బీ. "బాగానే ఉంది. ఎవరు వినాలని ఆయనకుందో ఆ దేవుడు వింటున్నాడు. ఆయనకది చాలు. నాకూ చాలు."

ఎవరో ఫక్కున నవ్వారు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ పిచ్చెక్కిందిరా అన్నారు ఇంకెవరో. బట్టల కొట్టు మాణిక్యమ్మ మాత్రం నవ్వలేదు. కొలుస్తున్న గుడ్డ వదిలేసి ఆమె వంకే చూస్తూ ఉండిపోయింది.

రోషన్ బీ మైకు ఇచ్చేసింది. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. బజారు సందడిలో అది సగం వినపడింది, సగం వినపడలేదు. జనం ఒక్కొక్కరే చెదిరిపోయారు.

వెంకటప్పయ్య మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

"గొంతు పోయిందంటే వైద్యముంటుందిలే అనుకున్నాను," అన్నాడు, ఆమె వంక చూడకుండా. "ఇరవై రోజులుగా అదే ఆశ. ఇప్పుడు నువ్వు కూడా అటే వెళ్ళిపోయావు. ఇంక వాడు తిరిగి రాడు."

"అన్నా…"

"మీకు దొరికింది చెల్లెమ్మా. నేను కాదనను. నాకేం దొరికింది? నేను వాయించింది వాడి గొంతుకి కాదు, వాడికి. ఆ మనిషి నన్ను నడిరోడ్డు మీద దింపేసి తన దారిన తను పోయాడు."

మూల గదిలో అంత నిండుగా అనిపించిన మనసులో ఈ ప్రశ్నకి మాత్రం ఏమీ దొరకలేదు. పక్క మెట్టు మీద ఆమె కూడా కూర్చుంది. ఇద్దరూ అలా కూర్చుని ఉండగానే నమాజు ముగించుకుని పీర్‌సాహెబ్ వచ్చాడు. మైకులో ఆమె గొంతు ఆయనకి వినిపించే ఉంటుంది. ఏమీ అడగలేదు. ఆమె తలమీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు.

వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు. "సాహెబూ, రేపే విస్సన్నపేట వెళుతున్నా. కంకణం ఇంక జగన్నాథరావు గారిదే. ఆయనకి హార్మోనియం నేనే వాయిస్తా. ఇంట్లో పొయ్యి వెలగాలి. నీకు కోపం వస్తే రానీ."

"వెళ్ళు," అన్నాడు పీర్‌సాహెబ్. "నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"శనివారం ఆటకి. ముందు చాప మీద కూర్చుని వింటాను. ఇన్నేళ్ళలో నీ వాయింపు ఎదురుగా కూర్చుని ఎప్పుడన్నా విన్నానా? నా పాట నేను వినడానికే సరిపోయింది."

వెంకటప్పయ్య నిర్ఘాంతపోయాడు. "ఆయనా ఆ పద్యమే పాడతాడు సాహెబూ. నీ పద్యం. నీకు పడ్డట్టే ఆయనకీ వన్స్‌మోర్ పడుద్ది. నువ్వు కింద కూర్చుని వినగలవా?"

పీర్‌సాహెబ్ ముఖం మీద కిళ్ళీ కొట్టు దీపం పడుతోంది. రోషన్ బీ ఆ ముఖాన్నే చూస్తోంది. నిబ్బరంగా ఉంటుందనుకున్న ఆ ముఖంలో ఆమెకి భయం కనిపించింది.

"తెలియదు వెంకటప్పా," అన్నాడాయన. "అది తెలుసుకోడానికే వస్తాను."